కొత్త కీ కలిపితే నమూనా ఫైల్ల కూడ రాయాలె

ఎడిటర్ గారికి నమస్కారం,

మా నల్లగొండల 2023 అక్టోబర్‌ల ఐటీ టవర్ ఓపెన్ అయినంక సాఫ్ట్‌వేర్ పనంటే హైదరాబాదే పోవాలె అనే మాట కొంచెం తగ్గింది, అందుకే ఈ ముచ్చట మన పేపర్ల రావాలని రాస్తున్న.

సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులల్ల డాట్ ఎన్వ్ (.env) అని ఒక చిన్న ఫైల్ ఉంటది, డేటాబేస్ పాస్‌వర్డు, పేమెంట్ కీ, ఎస్ఎంఎస్ కీ అన్నీ అండ్లనే. అండ్ల పేరు, దాని విలువ అని రాసే ఒక్కో సెట్టింగ్‌నే కీ అంటం. అది టీమంత కోడ్ పెట్టి పంచుకునే గిట్‌ల పెట్టొద్దు. అందుకని పాస్‌వర్డులు లేకుంట కీల పేర్లు మాత్రం రాసిన డాట్ ఎన్వ్ డాట్ ఎగ్జాంపుల్ అనే నమూనా పెడతం, కొత్తగ వచ్చినోళ్లు దాన్ని కాపీ చేసుకొని తమవి నింపుకుంటరు. వెబ్‌సైట్లు కట్టే లారావెల్ ఫ్రేమ్‌వర్క్‌ల అయితే ఆ నమూనా ప్రాజెక్టుతోనే వస్తది.

బాధేందంటే ఒకసారి పెట్టినంక దాన్ని ఎవ్వరు ముట్టరు. మొన్న దేవరకొండ దిక్కు అమ్మాయి ఒకామె మా టీమ్‌ల చేరింది, లాగిన్ పేజీ వస్తున్నది, నంబర్ కొట్టి ఓటీపీ నొక్కంగనే ఎర్రర్, ఎర్రర్లు రాసుకునే లాగ్‌ల అన్‌డిఫైన్డ్ (విలువ లేదు) అని ఒక్క ముక్క. తన తప్పే అనుకొని కోడ్ నడిపించే నోడ్ సాఫ్ట్‌వేర్ తీసేసి రెండుసార్లు మళ్ల ఎక్కించింది పాపం, అడగనీకె మొహమాటపడి రోజున్నర అట్లనే కూసుంది. చూస్తే ఓటీపీ మెసేజ్ ఎవరి పేరు మీద పోవాల్నో చెప్పే సెండర్ ఐడీ కీ మూడు నెలల కిందనే వచ్చింది, మా అందరి లాప్‌టాప్‌లల్ల ఉన్నది, నమూనాల లేదు.

కొందరు ఇట్లాంటప్పుడు తమ అసలు ఫైల్నే వాట్సాప్ గ్రూపుల పడేస్తరు, అది ఇంకా ఘోరం. పొరపాటున గిట్‌కు ఎక్కితే డిలీట్ కొట్టినా పాత కమిట్లల్ల, అంటే గిట్ దాచిపెట్టిన పాత మార్పులల్ల, ఉండనే ఉంటది, ఇగ ఆ కీ మార్చాల్సిందే.

డాట్‌ఎన్వ్ సేఫ్ లాంటి ప్యాకేజీలు ఉన్నయి, నమూనాల ఉన్న కీ మన ఫైల్ల లేకుంటే యాప్ మొదలుగాకముందే ఆపి పేరు చెప్తయి. కాని నమూనాల్నే లేని కీ గురించి అవి మాత్రం ఏం చెప్తయి? కోడ్‌ల కొత్త కీ వాడినోళ్లే అదే కమిట్‌ల నమూనాల కూడ రాయాలె, కోడ్ రివ్యూ చేసెటోళ్లు అది లేకుంటే మర్జ్ చేయొద్దు, అంటే అసలు కోడ్‌ల కలపొద్దు.

మన దిక్కు ఇంజనీరింగ్ కాలేజీల సార్లకు, మేడమ్‌లకు ఒక్క విన్నపం. ఫైనలియర్ వైవాల పిల్లల ప్రాజెక్టును వాళ్ల లాప్‌టాప్ మీదనే చూడకుండ్రి, పక్క బ్యాచ్ వాళ్ల లాప్‌టాప్‌ల కోడ్‌తోని నమూనా ఫైల్ ఒక్కటే ఇచ్చి ప్రాజెక్టును నడిపించి చూపెట్టమనుండ్రి.

ఇట్లు,
ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, నల్లగొండ