ఖాతాలో పడిందే అమ్మకం కాదు

సంపాదకులకు,

ఉద్యోగం చేసుకుంటూనే ఆన్‌లైన్‌లో చీరలు, పచ్చళ్లు అమ్మేవాళ్లు తిరుపతి, చిత్తూరుల్లో ఎక్కువయ్యారు. ఆదాయపు పన్ను రిటర్న్ వేసేటప్పుడు చాలామంది ఒకేచోట దెబ్బతింటున్నారు. వెయ్యి రూపాయల చీరకు కమీషన్, కొరియర్ పోను ఖాతాలో 820 పడుతుంది. దాన్నే అమ్మకంగా చూపిస్తారు. ఏడాది అమ్మకాలు 5 లక్షలు దాటితే అమ్మిపెట్టే ఆన్‌లైన్ కంపెనీ పూర్తి వెయ్యి మీదే 0.1 శాతం టీడీఎస్ (ముందే కోసే పన్ను) కోసి 26ఏఎస్‌లో, అంటే మన పాన్ మీద కోసిన పన్నుల పట్టికలో, ఎక్కిస్తుంది. రెండు లెక్కలూ పొసగక నోటీసు వస్తుంది. పాన్ ఇవ్వకపోతే కోత 5 శాతం!

ఈ ఆదాయం ఉంటే జీతగాళ్లు మామూలుగా వేసే ఐటీఆర్-1 ఫారం పనికిరాదు. చిన్న వ్యాపారుల ఫారం ఐటీఆర్-4లో డిజిటల్ వసూళ్లపై కనీసం 6 శాతం లాభం చూపితే సరిపోతుంది, కానీ కమీషన్, కొరియర్‌కు పోయిన ఆ 180 మళ్లీ ఖర్చుగా తీసేయకూడదు.

మనది సరిహద్దు ప్రాంతం కాబట్టి జీఎస్టీ సంగతి ఇంకా ముఖ్యం. ఏడాదికి 40 లక్షల లోపు సరుకును రాష్ట్రంలోనే అమ్మితే జీఎస్టీ పోర్టల్‌లో పాన్‌తో ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకుంటే చాలు. పలమనేరు నుంచి ఒక్క పచ్చడి సీసా బెంగళూరుకు పంపినా జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే. సెల్లర్ ఖాతా తెరిచే రోజే ఈ ముక్క తెలుగులో చెప్పేలా అధికారులు కంపెనీలను అడగాలి.

– ఒక టాక్స్ ప్రాక్టీషనర్, తిరుపతి