ఫార్మాట్ ఒకటే

హైదరాబాద్
ఆదివారం, రాత్రి పదకొండు దాటింది

ఒరేయ్ డాక్టరూ,

నీ ఉత్తరం వచ్చి నెలన్నర అయింది. జవాబు రాయలేదని కోపంగా ఉంటావని తెలుసు. తప్పు నాదే, క్షమించు. రెండుసార్లు మొదలుపెట్టి మధ్యలో ఆపేశాను. అమ్మకు షుగర్ కంట్రోల్‌లోనే ఉంది. చెల్లి ఉద్యోగం మారింది, జీతం కాస్త నయం. నేను నల్లకుంటలో ఇల్లు మారాను. మన ఏడో నంబర్ బెంచీ వాళ్లలో ఇద్దరికి పెళ్లి కుదిరింది, వివరాలు తర్వాత రాస్తాను. ఇంతే కబుర్లు. ఇప్పుడు అసలు సంగతి విను. ఇది నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

నేను లా కాలేజీ రెండో ఏడులో ఉండగా నువ్వు వేసిన ప్రశ్న గుర్తుందా? "పైన పోలీసు లేడు, జైలు లేదు, అలాంటప్పుడు అంతర్జాతీయ చట్టం చట్టమెలా అవుతుందిరా?" అన్నావు. నేనేదో చెప్పాను. అది జవాబు కాదని నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఇన్నేళ్లకు ఆ జవాబు నాకు దొరికింది. అదీ నాంపల్లి కోర్టుల దగ్గర, ఒక టైపిస్టు బల్ల ముందు.

ఇల్లు మారాను అన్నాను కదా. అగ్రిమెంటు రాయించుకోవడానికి వెళ్లాం, నేనూ ఇంటాయనా. రెండు నెలల అడ్వాన్సు అని అంతకుముందు నోటిమాటగా అనుకున్నాం. టైపిస్టు ముందు కూర్చున్నాక ఆయన నాలుగు నెలలు అన్నాడు. అప్పటికే పాత గది తాళాలు ఇచ్చేశాను. నా సామానంతా ట్రాలీ ఆటోలో ఉంది, డ్రైవరు ఫోను మీద ఫోను చేస్తున్నాడు, గంటకింత అని వెయిటింగ్ చార్జీ. ఇంటాయనకు తొందరేమీ లేదు. ఆ ఇంటికి ఇంకో ఇద్దరు అడుగుతున్నారట. సరే అన్నాను.

టైపిస్టు కంప్యూటర్‌లో ఒక పాత అగ్రిమెంటు తెరిచాడు. "ఫార్మాట్ ఒకటే సార్, పేర్లూ అమౌంట్లూ మారుస్తా" అన్నాడు. కర్సర్ పెట్టి ఎవరిదో పాత పేరు ఒక్కో అక్షరం చెరిపి, ఆ ఖాళీలో నా పేరు కొట్టాడు. నేను తెర మీద చదువుతున్నాను. ఒకటో పక్షం ఇంటి యజమాని, రెండో పక్షం నేను. "ఉభయ పక్షాలూ ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి స్పృహతో, మనస్ఫూర్తిగా..." ఆ లైను దగ్గర ఆగిపోయాను. అందులో అబద్ధం లేదురా. నా చెయ్యి ఎవరూ పట్టుకోలేదు. కత్తి చూపించలేదు. నా సంతకం, ఆయన సంతకం, ఒకే కాగితం మీద, ఒకే వరసలో, సరిసమానంగా. నాలుగు నెలల అడ్వాన్సు మాత్రం ఆ ట్రాలీ ఆటో తేల్చింది. దాని ఊసు కాగితంలో ఎక్కడా లేదు.

అప్పుడు వెలిగింది. పషుకానిస్ చెప్పింది ఇదే కదా అని!

నీకు ఆయన పేరు ఒకసారి చెప్పాను. యెవ్‌గెనీ పషుకానిస్, రష్యన్ న్యాయవేత్త. 1924లో మార్క్సిజం, చట్టం గురించి పుస్తకం రాశాడు. స్టాలిన్ కాలంలో, 1937లో చంపేశారు. అందరూ చట్టం ఎవరికి లాభం చేస్తుంది అని అడుగుతుంటే ఆయన వేరే ప్రశ్న వేశాడు: ఆ లాభం చట్టం రూపంలోనే ఎందుకు రావాలి? ఉత్త కర్ర రూపంలో ఎందుకు రాదు? సంతలో చూడమంటాడు. ఒకడి దగ్గర బియ్యం, ఒకడి దగ్గర డబ్బు. లాక్కోకుండా మార్చుకోవాలంటే ఎదుటివాణ్ణి ముందు 'ఇది నీది' అని ఒప్పుకోవాలి. ఆ ఒప్పుకోలు నుంచే హక్కున్న మనిషి పుడతాడు, చట్టం పుడుతుంది. పోలీసు తర్వాత వస్తాడు.

ఇప్పుడు నీ ప్రశ్న తిరగేసి చూడు. దేశాల మధ్య పోలీసు లేకపోవడం లోటు కాదు. పైన ఎవరూ లేకుండా ఇద్దరు యజమానులు ఎదురెదురుగా నిలబడి 'నీది నీది, నాది నాది' అనుకోవడం, చట్టం అసలు ముఖం అదే. మరి ఇద్దరి హక్కులూ ఢీకొంటే? 'కాపిటల్' పుస్తకంలో, పనిదినం అధ్యాయంలో మార్క్స్ రాసిన మాట ఉంది: సమాన హక్కుల మధ్య బలమే తేలుస్తుంది. కూలీకి తన శక్తిని కాపాడుకునే హక్కు, యజమానికి కొన్న సరుకును పూర్తిగా వాడుకునే హక్కు, రెండూ న్యాయమైనవే. అందుకని పని గంటలు పోరాటంలో తేలాయి. చైనా మీవిల్ 2005లో ఆ మాటనే పేరుగా పెట్టి అంతర్జాతీయ చట్టం మీద పుస్తకం రాశాడు (చైనా ఆయన పేరే, ఇంగ్లండు మనిషి). బలం చట్టం బయట నుంచి వచ్చి దాన్ని చెడగొట్టదు, ఆ సమానత్వంలోనే కూర్చుని ఉంటుంది అంటాడు.

ఇంటికొచ్చి సామాను దింపుకుంటున్నానన్న మాటే గానీ మనసంతా దీని మీదే. అప్పుడు మీ ఊరు గుర్తొచ్చింది. నిజంగా! మీ అనంతపురం.

మీది దత్త మండలం అని నువ్వు గొడవపడేవాడివి గుర్తుందా, "మమ్మల్ని దానం ఇచ్చారు" అని. 1800 అక్టోబరులో జరిగిన ఆ ఒప్పందంలో ఎవరెవరు? ఒకటో పక్షం ఈస్టిండియా కంపెనీ. రెండో పక్షం నిజాం అలీ ఖాన్. ఒక వ్యాపార కంపెనీ, ఒక పాలకుడు, సరిసమానంగా సంతకాలు! సరుకులు కొని అమ్ముకునేవాడు రాజుతో సంధి రాసుకున్నాడంటే పషుకానిస్‌కు ఇంతకన్నా ఉదాహరణ ఏం కావాలి? హైదరాబాద్‌లో కంపెనీ సైన్యం ఉంటుంది, దాని ఖర్చు నిజాం భరించాలి, నగదుకు బదులు మైసూరు యుద్ధాల్లో తన వాటాకు వచ్చిన ప్రాంతాలు ఇచ్చేస్తాడు. మీవి అలా పోయాయి. రాయలసీమ అనే పేరు 1928లో గానీ రాలేదు, అప్పటిదాకా దత్త మండలాలే.

ఎవరి బలవంతమూ లేదా? ట్రాలీ ఆటో ఎక్కడుందో చూడు. 1795లో ఖర్దా దగ్గర మరాఠాల చేతిలో నిజాం ఓడిపోయాడు, ఆ యుద్ధంలో కంపెనీ సాయం రాలేదు. ఆయన ఫ్రెంచి దళాలను పెంచుకున్నాడు. వాటి నాయకుడు రేమండ్ 1798లో చనిపోయాడు. మనం మూసారాంబాగ్‌లో అద్దెకున్నాం కదా, ఆ పేరు 'మూసా రేమండ్' నుంచి వచ్చిందే. అదే ఏడు కంపెనీతో సంధి కుదిరింది, ఫ్రెంచి దళాన్ని రద్దు చేశారు. ఇక ఆయన దగ్గర మిగిలిన గట్టి సైన్యం కంపెనీదే! రెండేళ్లకు దత్త మండలాల కాగితం. 1853లో ఇంకో కాగితం, సైన్యం జీతాల బాకీ కింద బేరార్ చేతులు మారింది. ప్రతిసారీ సంధే, ప్రతిసారీ స్నేహమే. పేర్లూ అమౌంట్లూ మారాయి.

కంపెనీ ప్రతినిధి ఉండిన కోఠీ రెసిడెన్సీ ముందు నుంచి వందసార్లు బస్సులో పోయి ఉంటాను. నిన్న ఆ స్తంభాలను చూస్తే కడుపులో ఏదోలా అయింది. ఆ సంతకాల రోజున మీ తాతల తాతలు పొలంలో ఉండి ఉంటారు. తాము చేతులు మారామని ఎన్నాళ్లకు తెలిసిందో.

ఇక్కడే నాకు పషుకానిస్ దగ్గర కూడా చాలనిది ఒకటి ఉంది. 1948 తీసుకో. అప్పటి నిజాం ఐక్యరాజ్య సమితి భద్రతా మండలికి భారత్ మీద ఫిర్యాదు చేశాడు. సెప్టెంబర్ 13న భారత సైన్యం బయల్దేరింది, 16న పారిస్‌లో మండలి ఆ ఫిర్యాదు చర్చకు తీసుకుంది, 17న నిజాం లొంగిపోయాడు, 22న ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు. వాదన ఏమిటంటే నిజాం వైపు వాళ్లు మాది రాజ్యం అన్నారు, భారత్ వైపు వాళ్లు అసలు మీరు రాజ్యమే కాదు, ఇక్కడ నిలబడే అర్హతే లేదన్నారు. గొడవంతా పక్షం ఎవరు అన్న దాని మీదే. అదే నెలలో నల్లగొండలో మా తాత రజాకార్లకు భయపడి గుట్టల్లో దాక్కున్నాడు. వెట్టి చేసినవాడు. దొర గడీ ముందు చెప్పులు చేత పట్టుకుని నడిచినవాడు. దున్నేవాడికి భూమి అని ఊళ్లకు ఊళ్లు లేచి ఉన్నాయి. పారిస్‌లో ఆ బల్ల దగ్గర ఆయనకు కుర్చీ లేదు. అటు పక్షమూ కాదు, ఇటు పక్షమూ కాదు. నిజాం ఓడిపోవడం మా తాతకు పండగే, దాంట్లో నాకు అనుమానం లేదు. కానీ సైన్యం ఆ తర్వాత ఆ రైతుల మీదికే వచ్చింది, 1951 దాకా.

జేఎన్‌యూలో పాఠం చెప్పిన బి.ఎస్. చిమ్నీ ఇక్కడే పట్టుకుంటాడు. రూపం చూస్తే చాలదు, దాని వెనక ఏ వర్గాలున్నాయో చూడండి, వలస నుంచి బయటపడ్డ దేశాలు అదే చట్టంతో కొంత సాధించుకున్నాయి కదా, దాన్ని పారేస్తారా అంటాడు. మొన్న స్టడీ సర్కిల్‌లో దీని మీద రెండు గంటలు గొడవ. నేను పషుకానిస్ వైపు గట్టిగా మాట్లాడాను. ఒక పెద్దాయన లేచారు, జీడిమెట్లలో మందుల ఫ్యాక్టరీలో పని చేసి రిటైరయ్యారు. "బాబూ, 1970 పేటెంట్ చట్టం లేకపోతే మా ఫ్యాక్టరీయే లేదు. అప్పుడు మందు తయారీ పద్ధతికే పేటెంటు, మందుకు కాదు. వేరే పద్ధతిలో మేం చేశాం, చవగ్గా అమ్మాం. ప్రపంచ వాణిజ్య సంస్థ, అదే డబ్ల్యూటీవోలో చేరాక 2005లో అది పోయింది. వచ్చిందీ చట్టమే, పోయిందీ చట్టమే. రెంటినీ ఒకే గాటన కట్టకు" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆయన చేతుల మీద రసాయనం కాలిన మచ్చలు తెల్లగా ఉన్నాయిరా. అవే చూస్తూ కూర్చున్నాను.

2021 మే గుర్తొచ్చింది. మనిద్దరం నీ బండి మీద, మీ నాన్న కోసం... వద్దులే. ఇది ఒక్కటి చెప్తాను. 2020 అక్టోబరులోనే మన దేశమూ దక్షిణాఫ్రికా కలిసి కోవిడ్ మందులు, టీకాల మీద పేటెంట్లను కొంతకాలం పక్కన పెట్టమని డబ్ల్యూటీవోలో అడిగాయి. అక్కడ ప్రతి దేశానికీ ఒకే ఓటు, అందరూ సమానమే. తేలేసరికి 2022 జూన్ అయింది, అదీ టీకాల పేటెంట్లకు మాత్రమే, సవాలక్ష షరతులతో. ఒకవైపు కంపెనీ హక్కు, ఒకవైపు ఊపిరి హక్కు. ఆ ఇరవై నెలలు తేల్చింది ఏమిటో నీకు నేను చెప్పక్కర్లేదు. నాన్న సంవత్సరీకానికి రాలేకపోయాను, అది కూడా క్షమించు.

నాకిప్పుడు ఏమనిపిస్తోందంటే, చిమ్నీ చెప్పినట్టు ఆ కాగితంలో మన లైను ఒకటి రాయించుకోవడానికి కొట్లాడాలి, కానీ పషుకానిస్ చెప్పింది మర్చిపోకుండా. రెండూ ఒకే తలలో ఎలా ఇముడుతాయో ఇంకా తెలియడం లేదు. పెద్దాయన వచ్చే ఆదివారం వాళ్లింటికి రమ్మన్నారు, పాత వేజ్ అగ్రిమెంట్లు దాచారట, చూపిస్తానన్నారు. అవి చూశాక నీకు మళ్లీ...

కరెంటు పోయింది. ఫోను లైటు వెలుగులో రాస్తున్నాను, చార్జింగ్ నాలుగు శాతం. మీ అమ్మగారికి నమస్కారాలు చెప్పు. మీ ఇంటి పాత పట్టా కాగితాల్లో 'దత్త మండలం' అని ఎక్కడన్నా ఉంటే ఫొటో తీసి పంపు, తప్పకుండా పంపు. రెండో చాయ్ బాకీ నాకు గుర్తుంది. ఉంటాను.

నీ
లాయరు