కేకు మధ్యలో గుంట పడుతోందా?

అందరికీ నమస్కారం. ఈ వారం కేకు చేయబోతున్న వాళ్లు ఒకసారి చూడండి.

7 అంగుళాల గుండ్రటి టిన్నుకు వెన్న, పంచదార, మైదా ఒక్కొక్కటి 150 గ్రాములు, గుడ్లు 3, బేకింగ్ పౌడర్ చెంచాన్నర. చెంచా అంటే 5 మి.లీ. కొలత చెంచాయే, అదీ తలకొట్టి. బేకింగ్ పౌడర్ ఎక్కువైతే కేకు గబగబా పొంగి, లోపల గట్టిపడక ముందే కూలిపోతుంది. గుంటకు ఇదో కారణం. ఇంకోటి, తొందరపడి ఓవెన్ తలుపు తీయడం. ముందే వేడిచేసిన ఓవెన్‌లో 170 డిగ్రీల దగ్గర 35–40 నిమిషాలు పడుతుంది. మొదటి 25 నిమిషాలు దాని జోలికి వెళ్లొద్దు. తర్వాత పుల్ల గుచ్చి చూడండి, తడిపిండి అంటకూడదు.

గుడ్లు, వెన్న గంట ముందే ఫ్రిజ్‌లోంచి తీసిపెట్టుకోండి. చల్లటి గుడ్లు కొడితే వెన్న గడ్డకట్టి మిశ్రమం విరిగినట్టు కనిపిస్తుంది. పారేయకండి, కొలిచిన మైదాలోంచే ఒక పెద్ద చెంచాడు వేసి కలిపితే సర్దుకుంటుంది. మిగతా మైదా వేశాక మాత్రం బీటర్ వద్దు. గరిటెతో అడుగు నుంచి పైకి తిప్పుతూ, పొడి పిండి కనిపించడం ఆగగానే ఆపేయండి. ఇంకా కలిపితే కేకు సాగుతుంది.