అబ్బాయి బంగారం అన్నాను

సంపాదకుడికి,

కొత్త దంపతుల గొడవలపై మీరు వేసిన కథనంలో జీతాలు, ఫోన్లు, అత్తలు అన్నీ ఉన్నాయి. స్వభావం ఊసు మాత్రం లేదు.

నేను ఆర్టీసీలో కండక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. నిరుడు రంజాన్ తర్వాత వచ్చే షవ్వాల్ నెలలో మా అబ్బాయి నిఖా చేశాం. అబ్బాయి పెళ్లికూతురికి ఇచ్చే మెహర్ ఎంత, బంగారం ఎంత, పెళ్లి తర్వాతి విందు వలీమాకు ఎందరు అని రెండు పూటలు మాట్లాడుకున్నాం. వెళ్లబోతూ, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ పిల్ల తండ్రి అడిగాడు: "భాయ్, అబ్బాయి స్వభావం ఎలాంటిది?"

"బంగారం" అన్నాను. అలిగితే వాడు మూడేసి రోజులు ఉలకడు పలకడని చిన్నప్పటి నుంచీ నాకు తెలుసు.

పెళ్లయ్యాక తొలి రంజాన్‌లో ఒకనాడు కోడలికి మెలకువ రాలేదు. తెల్లవారకముందు తినే సహరీ వేళ దాటిపోయింది, మంచినీళ్లయినా తాగకుండా రోజా (ఉపవాసం) ఉన్నాం. నేను నవ్వేశాను. వాడు ఒక్క మాట అనలేదు, అయిదు రోజులపాటు అనలేదు. ఇఫ్తార్‌కు ఆమె ఖర్జూరాల పళ్లెం ముందుకు జరిపితే, చూడనట్టు పక్క గిన్నెలోంచి తీసుకున్నాడు. తిట్టినా బాగుండేది. గలగలా మాట్లాడే పిల్ల మా ఇంట్లో గొంతు తగ్గించుకుంది.

మా చిన్నమ్మాయి సైకాలజీ చదువుతోంది. స్వభావాన్ని అయిదు గుణాలుగా విడదీసి చూస్తారట. వాటిలో ఇట్టే కలవరపడి లోలోపల కుమిలే గుణం ఎక్కువైతే కాపురంలో తృప్తి తగ్గుతుందని చాలా పరిశోధనల్లో కనబడిందట. "అంటే మన అన్నయ్యే" అంది.

భార్యాభర్తలు విడిపోతారన్న భయం ఉంటే చెరో వైపు నుంచి ఒక మధ్యవర్తిని పెట్టమంటుంది ఖురాన్‌లోని నిసా సూరా 35వ ఆయతు. పెద్దలం దాన్ని తలాక్ మాట వచ్చాకే గుర్తు చేసుకుంటాం. పెళ్లాడదలచిన అమ్మాయిని ముందు చూసి రమ్మని, అది ఇద్దరి మధ్య ప్రేమకు మేలని ప్రవక్త తన సహచరుడు ముగీరాకు చెప్పినట్టు హదీసు ఉంది. మన ఇళ్లలో చూడటమంటే ఒక ఫొటో, షర్బత్ గ్లాసుతో అయిదు నిమిషాలు! పెద్దలు పక్కనే కూర్చుంటే కూర్చోనీ, ఒక గంట ఆ ఇద్దరినీ మాట్లాడుకోనివ్వాలి. కోపం వస్తే ఏం చేస్తావని అడగనివ్వాలి. నిఖా తేదీ రాసుకునేటప్పుడే మసీదు కమిటీ వాళ్లు ఈ మాట రెండు కుటుంబాలకూ చెప్పవచ్చు.

పండగ తర్వాత వియ్యంకుడి ఇంటికి వెళ్లి నా అబద్ధం ఒప్పుకున్నాను. ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టి, "మా అమ్మాయి నిద్ర సంగతి నేను మాత్రం చెప్పానా భాయ్?" అన్నాడు.

పేరు వేయవద్దని మనవి.

ఒక తండ్రి, నంద్యాల