క్రియాటినిన్ బాగుంటే చాలదు

సంపాదకులకు,

మధుమేహం ఉన్నవారు రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టి బయటికి పంపే వ్యర్థం) మామూలుగా ఉందనగానే కిడ్నీలు భేషుగ్గా ఉన్నట్టేనని ఊరట పడతారు. పొరపాటు అక్కడే. వడపోత సామర్థ్యం దాదాపు సగం పడిపోయేదాకా ఆ అంకె కదలకపోవచ్చు. రక్తనాళాల లోపలి పొర చెడటం అంతకు చాలా ముందే మొదలవుతుంది. ఆ పొర బిగువు సడలితే ఆల్బుమిన్ అనే ప్రొటీన్ మూత్రంలోకి జారుతుంది.

దాన్ని పట్టేది మూత్రంలో ఆల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి. గ్రాము క్రియాటినిన్‌కు 30 మిల్లీగ్రాముల లోపు మామూలే. 30 నుంచి 300 తొలి హెచ్చరిక. మూత్రంలో ముంచి చూసే సాధారణ స్ట్రిప్ ఈ దశను తరచూ పట్టలేదు. 24 గంటల మూత్రం సేకరించే తంటా అక్కర్లేదు, పొద్దున్నే వచ్చే తొలి మూత్రం కాస్త చాలు.

అలాగని ఒక్క రిపోర్టుకే కంగారు పడకూడదు. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్, నెలసరి, ముందురోజు చేసిన కఠిన వ్యాయామం, బాగా పెరిగిన బీపీ... ఇవన్నీ అంకెను పెంచేవే. 3 నుంచి 6 నెలల్లో ఇచ్చిన మూడు నమూనాల్లో రెండు ఎక్కువగా వస్తేనే లెక్క. టైప్ 2 వారు జబ్బు బయటపడినప్పటి నుంచి, టైప్ 1 వారు ఐదేళ్లు గడిచాక, ఏటా చేయించుకోవాలి. ఈ లీకు గుండెపోటు, పక్షవాతం ముప్పుకూ సూచనే (ప్యాకేజీ పరీక్షల జాబితాలో ఈ మూత్ర పరీక్ష ఉందో లేదో అడిగి చూడండి).

కాళ్ల రక్తనాళాల సంగతి తెలుసుకోవడానికి పరీక్ష వేరు. చీలమండ బీపీని చేతి బీపీతో భాగిస్తే 0.9 లేదా అంతకు తక్కువ వస్తే కాలి ధమనులు పూడుకుంటున్నట్టు. 1.4 దాటితే సంతోషించకండి: కాల్షియం పేరుకుని గట్టిపడిన ధమని బీపీ పట్టీ బిగించినా నొక్కుకోదు, అందుకే అంకె ఎగబాకుతుంది. అప్పుడు కాలి బొటనవేలి దగ్గర బీపీ కొలవాలి.

ఇట్లు,
కొందరు మధుమేహ వైద్యులు