గట్టు రోడ్డుపై ధాన్యం రాళ్లు తీయించండి

సంపాదకులకు,

బొబ్బర్లంక నుంచి లొల్ల లాకుల దాకా కాలువ గట్టు రోడ్డుపై తెల్లవారుజామున సైకిల్ తొక్కుతుంటాను. కోనసీమలో ఎత్తుపల్లాలు లేవు, ఎదురుగాలే మాకు కొండ. ఒకపక్క గోదారి నీళ్లు, ఇంకోపక్క పచ్చటి చేలు. ఇంత హాయైన దారి నేను మరోచోట చూడలేదు. కోతలప్పుడు మాత్రం టెన్షనే. రోడ్డుపై ఆరబోసిన ధాన్యం చుట్టూ పెట్టే రాళ్లు, ధాన్యం ఎత్తేశాక కూడా అక్కడే ఉంటున్నాయి. చీకట్లో కనబడవు. మొన్న పాలు తెచ్చే కుర్రాడు పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. రైతుల్ని ఏమనగలం? తేమ 17 శాతం దాటితే మద్దతు ధర దక్కడం కష్టం, ఆరబెట్టుకోవడానికి చోటు లేదు. ఊరూరా సిమెంటు కల్లాలు కట్టించాలి. ఈలోగా పంచాయతీలు ఆ రాళ్లు తీయించాలి, కాలువ మలుపుల్లో రెయిలింగ్ వేయించాలి.

- ఒక పాఠకుడు, ఆత్రేయపురం