మెరుగు పొడి పొట్లంలో గరుకు పొడి: పాడైన గోదావరి రాళ్ల గురించి ఫిర్యాదు

ధర్మాబాద్, నాందేడ్ జిల్లా, మహారాష్ట్ర
తేదీ: 12 మే 2025

వినియోగదారుల ఫిర్యాదుల విభాగాధికారి గారికి,
రాళ్ల సాన పనిముట్లు అమ్మే మీ సంస్థ, హైదరాబాద్

విషయం: టంబ్లర్ యంత్రంతో (రాళ్లను డబ్బాలో వేసి తిప్పి నునుపు చేసే యంత్రంతో) పాటు పంపిన మెరుగు పొడిలో గరుకు పొడి కలిసి ఉండటం, దానివల్ల 43 రాళ్లు చెడిపోవడం, ఆ తర్వాత మీ నుండి వచ్చిన జవాబులు.

ఆర్యా,

నేను ధర్మాబాద్ మిర్చి మార్కెట్టులోని ఒక అడ్తి దుకాణంలో పద్దులు రాస్తాను. గోదావరి ఒడ్డున దొరికే సులేమానీ రాళ్లను (పొరల చారలుండే అగేట్ రాళ్లను) ఏరి తెచ్చి, వాటర్ పేపరు మీద చేత్తో అరగదీసి మెరుగు పెట్టుకోవడం ఎనిమిదేళ్లుగా నాకున్న ఇష్టమైన పని. ఆ పనికి తోడుగా ఉంటుందని ఈ ఫిబ్రవరిలో మీ దగ్గర 11,800 రూపాయలు చెల్లించి టంబ్లర్ యంత్రాన్నీ, రెండు రబ్బరు డబ్బాలనూ, రెండు జతల సాన పొళ్లనూ కొన్నాను. మీ ప్రతినిధి ఫోనులో తెలుగులోనే వివరంగా మాట్లాడి అమ్మారు కాబట్టి ఈ ఉత్తరమూ తెలుగులోనే రాస్తున్నాను. రసీదు నకలును, రాళ్ల ఫోటోలను దీనితో జతచేశాను.

మా ప్రాంతపు రాళ్ల గురించి కొంచెం చెప్పకపోతే జరిగిన నష్టం మీకు అర్థం కాదు. త్రయంబకేశ్వరం నుండి మా దాకా గోదావరి చాలావరకు దక్కను నల్లరాతి మీదుగానే పారుతుంది. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పొంగిన లావా చల్లారినప్పుడు అందులో గాలి బుడగలు ఖాళీలుగా మిగిలిపోయాయి; ఇసుకలో ఉండే సిలికాయే నీళ్లలో కరిగి ఆ ఖాళీల్లోకి ఊరి, పొర మీద పొరగా పేరుకుని సులేమానీ రాయి అయింది. నల్లరాయి అరిగి మట్టయినా ఈ రాయి అరగదు కనుక నది దాన్ని దొర్లించుకుంటూ మా రేవుల దాకా తెస్తుంది. బిలోలి, దెగ్లూరు వైపు వెళితే గ్రానైటు మొదలవుతుంది, అక్కడి పొలాల్లో వెతికితే ఈ రాయి దొరకదు. జూలై 1న మా దగ్గర గోదావరి మీద ఉన్న బాబ్లీ బ్యారేజీ గేట్లు ఎత్తితే మళ్లీ అక్టోబరు 28 దాకా దించరు, ఆ నాలుగు నెలలూ నదిలోకి దిగే వీలుండదు. వేసవిలో నీళ్లు తగ్గాక, సెలవు దొరికిన రోజున ఎండలో నాలుగైదు గంటలు వంగి వెతికితే, సానకు పనికొచ్చేవి రెండో మూడో చేతికొస్తాయి. మీ యంత్రంలో వేసిన 43 రాళ్లు, బరువు చూస్తే కిలో 200 గ్రాములు, అలా ఎనిమిది వేసవుల్లో పోగైనవి.

ఫిబ్రవరి 20న యంత్రం మొదలుపెట్టాను. మీ పుస్తకంలో చెప్పినట్టే డబ్బాను మూడింట రెండు వంతులకు పైగా నింపి, రాళ్ల పై వరుస అడుగు అంచు తడిసేంత నీళ్లు పోశాను. 60/90 పొడితో తొమ్మిది రోజులు, 120/220తో ఏడు రోజులు, 500తో ఏడు రోజులు తిప్పాను (సంఖ్య పెరిగేకొద్దీ పొడి రవ్వ సన్నబడుతుంది). ప్రతి దశ తర్వాతా రాళ్లను పళ్లు తోముకునే బ్రష్షుతో, సబ్బు నీళ్లతో ఒక్కొక్కటిగా కడిగాను. మూడో దశ ముగిసేసరికి రాళ్లు కోడిగుడ్డు పెంకులా నున్నగా వచ్చాయి. చేత్తో పని చేసిన అనుభవం ఉంది కాబట్టి, అక్కడి వరకు ఏ లోపమూ లేదని ఖాయంగా చెప్పగలను. నాలుగో దశను, అంటే మెరుగు పొడి దశను, అంతకుముందు ఎన్నడూ వాడని రెండో డబ్బాలో మొదలుపెట్టాను.

మార్చి 22న మూత తీశాను. తడిగా ఉన్నప్పుడు రాళ్లు నిగనిగలాడినట్టే కనిపించాయి. గుడ్డతో తుడిచి ఎండలో పరిచిన కాసేపటికి ఒక్కొక్కటీ తెల్లబారడం మొదలైంది. వేలితో తడిమితే గరుకు తగిలింది, అంచుల వెంట సూదితో పొడిచినట్టు చిన్న చిన్న గుంటలు కనిపించాయి. వాటిలో పెద్ద ఉసిరికాయంత రాయి ఒకటుంది. మూడేళ్ల కిందట ఇసుక జల్లించగా మిగిలిన గులకరాళ్ల కుప్ప దగ్గర నేను వెతుకుతుంటే చూసి, ఒక ట్రాక్టర్ డ్రైవరు బండి ఆపి, అద్దం దగ్గర దాచుకున్న ఆ రాయిని తెచ్చి నా చేతిలో పెట్టాడు. వక్కరంగు పట్టీకి ఇరువైపులా రెండేసి సన్నని పాలగీతలు, నడిమధ్యలో పటికబెల్లం పలుకుల్లాంటి స్ఫటికాలు ఉండేవి. ఇప్పుడు ఒక వైపు పాలగీతలు కనబడటం లేదు, స్ఫటికాల గుంతలో నల్లని రవ్వలు దిగబడి ఉన్నాయి, సూదితో గీకినా రావడం లేదు.

ఆ నల్ల రవ్వలే అసలు సంగతిని పట్టించాయి. మెరుగు పొడి అని ముద్రించిన పొట్లంలో ఉండవలసింది తెల్లని అల్యూమినియం ఆక్సైడ్, అది పిండి కంటే మెత్తగా ఉంటుంది. పొట్లంలో మిగిలిన పొడిని చిటికెడు తీసి ఎండలో చూస్తే, తెల్ల పొడి మధ్య నల్లని రవ్వలు తళుక్కుమన్నాయి. ఒక చెంచాడు గాజు గ్లాసులోని నీళ్లలో వేసి కలిపాను. మూడు లెక్కపెట్టేలోగా నల్లపొడి అడుక్కు చేరి పొరగా నిలిచింది. పైన నీళ్లు మాత్రం సాయంత్రం దాకా పాలలాగే ఉన్నాయి. ఆ నల్లపొడిని రెండు గాజు ముక్కల మధ్య పెట్టి రాస్తే గోటికి తగిలేంత గీతలు పడ్డాయి. అది కార్బొరండం గరుకు పొడి, మొదటి దశలో వాడే రకం. రెండో జతలోని మెరుగు పొడి పొట్లాన్ని అప్పటిదాకా విప్పలేదు. దాన్ని మా దుకాణం యజమాని ఎదుట విప్పి ఇదే పరీక్ష చేస్తే, అందులోనూ నల్లపొడి అడుక్కు దిగింది. కాబట్టి పొరపాటు మా ఇంట్లో జరిగినది కాదు, మీ దగ్గర పొట్లాలు కట్టే చోట జరిగినది.

మార్చి 24న ఈ విషయమంతా రాసి పంపాను. డబ్బా సరిగా కడగలేదని మీ నుండి మొదట జవాబు వచ్చింది. వాడని కొత్త డబ్బాలో కడగడానికి ఏముంటుంది? రాళ్లు మెత్తవి అయి ఉంటాయని తర్వాత అన్నారు. సులేమానీ రాయి, రాళ్ల గట్టితనాన్ని 1 నుండి 10 వరకు చూపే మోస్ కొలతలో, 6.5 నుండి 7 వరకు ఉంటుంది, కత్తి మొనతో గీసినా గీత పడదు. మెత్తని తెల్లరాళ్లను, నల్లరాతి ముక్కలను మొదటే ఏరి పక్కన పెట్టాను. ఏప్రిల్ 24న వచ్చిన చివరి జవాబులో, పొడి వాడితే అయిపోయే సరుకు కనుక దానికి హామీ లేదనీ, సద్భావంతో ఒక జత పొళ్లు ఉచితంగా పంపుతామనీ రాశారు. అడుగంటిన కూరకు మరో చెంచాడు నూనె పంపుతామన్నట్టుంది ఇది. రాళ్లను మళ్లీ రెండో దశ నుండి మొదలుపెడితే గీతలు పోవచ్చు, కానీ వాటితో పాటే పై పొరలూ పోతాయి. సులేమానీ రాయి అందమంతా ఆ పొరల్లోనే ఉంది.

మీ పుస్తకం గురించి మరో రెండు మాటలు చెప్పాలి. వాడిన నీళ్లను స్నానాల గది తూములో పోయవచ్చని ఎనిమిదో పేజీలో ఉంది. ఆ రాతి బురద గొట్టంలో పేరుకుంటే సిమెంటులా బిగుస్తుంది. నాకు ముందే తెలుసు కనుక పెరట్లో గుంత తీసి పోశాను. అంతకంటే ప్రమాదకరమైన సలహా పదకొండో పేజీలో ఉంది. చిన్న రాళ్లను చేతి కోత బిళ్లతో రెండు నిమిషాల పాటు నీళ్లు లేకుండానే కోయవచ్చని రాశారు. నీళ్లు పోయకుండా కోస్తే లేచేది సిలికా దుమ్ము. కంటికి కనబడనంత సన్నని ఆ దుమ్మే ఊపిరితిత్తుల్లో నిలిచిపోయి సిలికోసిస్ తెస్తుంది, దానికి నయం చేసే మందు లేదు. గుజరాత్‌లోని ఖంభాత్‌లో తరతరాలుగా ఇదే రాయిని సానబట్టే కార్మికుల్లో ఎందరో ఆ జబ్బుతోనే పోయారు. మా ఇంటికి యంత్రం చూడటానికి వీధి పిల్లలు రోజూ వచ్చి చుట్టూ కూర్చుంటారు. ఆ పేజీని నమ్మి వాళ్ల ముందు నేను ఒక్క రాయి కోసి ఉంటే ఏమయ్యేదని తలచుకుంటే నాకు రాళ్లు పోయిన బాధ కూడా చిన్నదనిపిస్తుంది. మాస్కు ధరించమన్న మాట పుస్తకం మొత్తంలో ఎక్కడా లేదు.

ఇంకొక లోపం కూడా మీ దృష్టికి తెస్తున్నాను. మీరు పంపిన పొట్లాల్లో ఒక్కదాని మీదా తయారైన నెల, సంవత్సరం లేవు, బ్యాచ్ సంఖ్య లేదు. ఇదే సరుకు ఇంకెంతమందికి వెళ్లిందో తెలుసుకునే దారి అందువల్ల మీకే లేకుండా పోయింది.

కాబట్టి నేను కోరేది ఇది. రెండు జతల పొళ్ల ధరతో పాటు పూర్తి కిట్టు సొమ్మును తిరిగి చెల్లించండి, యంత్రాన్ని మీ ఖర్చుతో తీసుకువెళ్లండి. ఈ సంవత్సరం మెరుగు పొడి కొన్న ప్రతి ఒక్కరికీ, వాడే ముందు గ్లాసు నీళ్లలో కలిపి చూసుకొమ్మని వెంటనే తెలియజేయండి. నాకు సొమ్ము ముట్టడం కంటే ఇదే ముందు జరగాలి, ఎందుకంటే ఈ రోజు కూడా ఎవరి డబ్బాలోనో ఆ పొడి తిరుగుతూ ఉండవచ్చు. పదకొండో పేజీని మార్చి, కోతకు నీళ్లు తప్పనిసరి అనీ, పొడి దుమ్ము ప్రాణాంతకమనీ తెలుగు, మరాఠీ, హిందీ భాషల్లో ముద్రించండి. చెడిపోయిన రాళ్లకు వెల కట్టమని నేను అడగడం లేదు, వాటికి బజారులో ధర లేదు. కానీ జరిగిన తప్పు మీదేనని రాతపూర్వకంగా ఒప్పుకోవాలి.

ఆన్‌లైన్ అమ్మకాలపై 2020లో వచ్చిన వినియోగదారుల రక్షణ నిబంధనల ప్రకారం, ఫిర్యాదు అందిన 48 గంటల్లో అందినట్టు తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. నా మొదటి ఫిర్యాదుకు ఆ నెల గడిచిపోయింది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద నేను నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేసుకోవచ్చు కనుక, ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో సరైన జవాబు రాకపోతే నాందేడ్ జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను.

పొడి మిగిలి ఉన్న రెండు మెరుగు పొడి పొట్లాలను మూత బిగించిన స్టీలు డబ్బాలో, తేమ తగలకుండా భద్రపరిచాను. మీ మనిషిని పంపితే, మా దుకాణం యజమాని సమక్షంలో ప్రతి పొట్లం నుండి సగం తూచి ఇస్తాను, మిగతా సగం సీలు వేసి నా దగ్గర ఉంచుకుంటాను. ఆదివారం తప్ప ఏ రోజైనా మధ్యాహ్నం మూడు తర్వాత, మార్కెట్టు వేలం ముగిశాక, నేను అందుబాటులో ఉంటాను.

ఇట్లు,
భవదీయుడు,
మీ కొనుగోలుదారు, ధర్మాబాద్